పన్నెండో సూది

నర్సమ్మకు కాలు ఒకచోట నిలవదు. కాలుగాలిన పిల్లిలా బట్టలు కుట్టే ఆ కొట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. సరిగ్గా ఎనిమిది అంగలు, మళ్ళీ వెనక్కి. కొట్టు పొడవు పన్నెండు అంగలు. మిగతా నాలుగూ ఆమెకు ఉన్నట్టే తోచదు.

"అమ్మాయ్, ఆ నేల నీకేం అపకారం చేసింది? కాస్త కూర్చో" అంటాడు ఇస్త్రీ బాబాయి. కూర్చుంటుంది. రెండు నిమిషాలకు మళ్ళీ లేస్తుంది.

ఆసుపత్రిలో ఎవరో చేసిన పొరపాటుకు ఒక రోగి పోతే, ఆ నేరం డ్యూటీలో ఉన్న నర్సని ఈమె మెడకు చుట్టుకుంది. ఎనిమిది అంగల జైలుగదిలో ఏడేళ్ళు గడిచాక అసలు మనిషి నోరు విప్పాడు. కోర్టు 'నిర్దోషి' అంది. ఏడేళ్ళకు ఒక్క మాట చాలనుకున్నారు పెద్దలు.

ఆ జైలుకే వారానికోసారి కుట్టుపని నేర్పడానికి టైలరమ్మ వచ్చేది. నర్సమ్మ కుట్టు చూసి, "ఇది కుట్టా, ఎండ్రకాయ నడకా?" అని పకపకా నవ్వేది. ఆ నవ్వు కోసం నర్సమ్మ ఆర్నెల్లు కావాలనే వంకరగా కుట్టింది. విడుదలైన రోజు గేటు బయట నిలబడ్డదీ టైలరమ్మే. నాలుగు నెలలుగా కొట్టు మీది గదిలో ఇద్దరికీ ఒకే దుప్పటి, ఒకే దువ్వెన. నర్సమ్మ బట్టలు మాత్రం ఇంకా సంచిలోనే ఉన్నాయి.

పొద్దున ఆ సంచి దగ్గరే మాటా మాటా పెరిగింది. తన దగ్గరికి వచ్చెయ్యమని అన్నయ్య ఉత్తరం రాశాడు.

"వెళ్తావా?" అంది టైలరమ్మ.

"తెలీదు."

"సాయంత్రానికి తేల్చుకో. నువ్వంటే నాకు ప్రాణం, దాచుకోను. ఉంటే నా మనిషిగా ఉండు. రైలు కోసం కూర్చున్నదానిలా ఉంటానంటే నా వల్ల కాదు."

ఆ రోజంతా నర్సమ్మ గుండీలు కుడుతూ, లేస్తూ, తిరుగుతూ, మళ్ళీ కుడుతూ గడిపింది. ఏదీ తేలలేదు.

కొట్టు కట్టేవేళ ఎప్పటిలాగే చేతిసూదులు లెక్కపెట్టింది. అది జైలు నేర్పిన అలవాటు. అక్కడ పని ముగియగానే సూదులన్నీ డబ్బాలోకి రావాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ గది దాటకూడదు. ఎవరి ఒంటిమీద దొరికితే వాళ్ళకు పది రోజులు చీకటిగది.

పన్నెండు ఉండాలి. పదకొండే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే.

దభాలున షట్టరు కిందికి లాగేసింది. "సూది దొరికేదాకా ఎవరూ కదలకూడదు. చేతులు చాపండి!"

బాబాయి ముందు నవ్వాడు. ఆమె మొహం చూసి నవ్వు మింగేసి, గబగబా చేతులు చాపాడు. కాజాలు కుట్టే అక్క కూడా చాపింది. "నర్సమ్మా, మా పిల్ల గుమ్మంలో ఎదురుచూస్తుంటుంది, పంపించవూ?" అంది మెల్లగా. నర్సమ్మకు ఆ గొంతు తెలుసు. ఏడేళ్ళు తాను బతిమాలుకున్న గొంతే అది.

బల్ల దగ్గర టైలరమ్మ కత్తెర కింద పెట్టింది. తనూ చేతులు చాపింది.

ఆ చేతులు చూసేసరికి నర్సమ్మకు తను చేస్తున్నదేమిటో తెలిసొచ్చింది. షట్టరు పైకెత్తి, ఎవరి మొహమూ చూడలేక మెట్లెక్కి గదిలోకి పరుగెత్తింది. సర్దుకోవడానికేముంది, సంచి నాలుగు నెలలుగా సిద్ధంగానే ఉంది.

టైలరమ్మ వెనకే వచ్చి, తలుపు బార్లా తీసి, పక్కకు జరిగి నిలబడింది. "అడ్డం నిలబడను. ఆ పని చేసినవాళ్ళు నీకు చాలామందే అయ్యారు."

"జైలు నాతోపాటే వచ్చేసింది. నీ చేతులు కూడా చాపించాను, చూశావుగా! నాలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుని నువ్వేం సుఖపడతావు?"

టైలరమ్మ దగ్గరికొచ్చి, నర్సమ్మ ఎడమభుజం మీది బట్టలోంచి సూది లాగింది. దానికి దారం ఇంకా వేలాడుతోంది.

"ఇదిగో నీ దొంగ."

నర్సమ్మ రెండు చేతులూ వాటంతటవే ముందుకు చాచుకున్నాయి, చీకటిగదికి తీసుకుపొమ్మన్నట్టు. టైలరమ్మ ఆ చేతులు పట్టుకుని, అరచేతుల్లో ముద్దు పెట్టింది.

"పిచ్చిదానా, పని మధ్యలో సూది భుజాన గుచ్చుకునేది నేను! ఈ రోగం నీకెప్పుడంటుకుంది?"

ఎప్పుడో నర్సమ్మకూ తెలీదు. ఒంటిమీద సూది పెట్టుకుని, భయమన్న మాటే లేకుండా ఈ కొట్లో తిరిగింది తనేనా? వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, "నువ్వంటే నాకూ ప్రాణమే" అంది. "రేపు మళ్ళీ లెక్కపెడతానేమో మరి."

"పెట్టుకో. షట్టరు జోలికి మాత్రం రాకు."

నర్సమ్మ ముక్కు తుడుచుకుని, సంచి ఎత్తి మంచం మీద బోర్లించింది. రెండు చీరలు, ఒక తువ్వాలు, అన్నయ్య ఉత్తరం.

"నువ్వు సర్దు. నేను ముందు అక్క ఇంటికెళ్ళి కాళ్ళు పట్టుకుని వస్తా."

గబగబా మెట్లు దిగి, బాబాయికి దారిలోనే దణ్ణం పెట్టి, కొట్టు పన్నెండు అంగలూ దాటి వీధిలోకి వెళ్ళింది.