నంబరు లేని బండి

నేను ఒక సైకిల్‌ని. నల్లదాన్ని, వయసు మళ్ళినదాన్ని, కోపిష్టిదాన్ని. నల్లదాన్ని అని నేనంటున్నాను గానీ, మీరు వచ్చి చూస్తే చిలకపచ్చగా కనిపిస్తాను. ఆ రంగు నేనడిగింది కాదు. అది నా ఒంటికి ఎలా అంటిందో చెబుతాను.

నన్ను ఉత్తరాదిలో ఎక్కడో తయారుచేసి, ముక్కలుగా విడగొట్టి, గోనెపట్టాలో చుట్టి రైలెక్కించారు. సికింద్రాబాదులో ఒక షాపు మేస్త్రీ గొంతుక్కూర్చుని, ఒక్క పూటలో చువ్వలు బిగించి, చక్రాల వంకర తీసి నిలబెట్టాడు. మొదట నన్ను కొన్నది సుదర్శనాచారి, ప్రెస్సులో కంపోజిటర్. ఆ రోజుల్లో ఆఫీసు వేళకు రోడ్డు నిండా మేమే. హ్యాండిల్‌కి టిఫిన్ క్యారేజీ వేలాడుతోందంటే ఆ మనిషికి ఉద్యోగం ఉందని లెక్క. తర్వాత చారి స్కూటరు కొన్నాడు. దానికి కొబ్బరికాయ కొట్టి, నన్ను మెట్ల కిందికి తోశాడు. పదకొండేళ్ళు ఆ చీకట్లోనే పడున్నాను.

చారి దగ్గర పాతసామాను ధరకు కొని, నన్ను మళ్ళీ వెలుగులోకి లాగింది జంగయ్య. రాయదుర్గంలో ఒక పద్నాలుగు అంతస్తుల అద్దాల మేడలో టీ పెట్టడం అతని పని. ఏడింటికి వచ్చే వాళ్ళకు టీ సిద్ధంగా ఉండాలంటే, ఆరుంపావుకల్లా అతను హాజరు మిషన్‌కి ముఖం చూపించాలి. నెలలో మూడుసార్లు ఆలస్యమైతే కాంట్రాక్టరు ఇంకొకరిని పెట్టుకుంటాడు. గోల్కొండ వెనక అతనుండే బస్తీకి మొదటి బస్సు వచ్చేదే ఆరున్నరకు. కాబట్టి అతని ఉద్యోగం నిలబడింది నా రెండు చక్రాల మీద. ఇంట్లో సంపాదించేది అతనొక్కడే.

ఆరేళ్ళు తీసుకెళ్ళాను. ఒక్క రోజు ఆలస్యం కానివ్వలేదు. ఈ నగరంలో అదేమంత తేలిక అనుకుంటున్నారా? మాకోసమని రోడ్డు పక్కన గీత గీసి, సైకిల్ బొమ్మ వేసి ఒక దారి ఇచ్చారు. ఆ బొమ్మ మీద కారు నిలిపి, అద్దం దించి, ఇడ్లీ తింటారు. పక్కకు తప్పుకుని రోడ్డెక్కామా, వెనక నుంచి హారన్. ఒకాయనైతే జంగయ్యను ఆపి మరీ, రోడ్డు మీకోసం వేశారా అని అడిగాడు. జంగయ్య నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ కారాయన మీద ఒళ్ళు మండింది.

మేడ గేటు దగ్గర ఇంకో అవమానం. లోపలికి వెళ్ళే ప్రతి బండికీ స్టిక్కరు కావాలి, స్టిక్కరుకు బండి నంబరు కావాలి. నాకు నంబరెక్కడిది? అందుకని ఆరేళ్ళూ నన్ను ప్రహరీ బయట, ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు గొలుసుతో కట్టేసేవాడు. వర్షం వస్తే సీటుకు ప్లాస్టిక్ సంచి తొడిగి, ఒకసారి తట్టి, లోపలికి పోయేవాడు.

ఇంతలో ఆ మేడకు పర్యావరణ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. దానికి పరీక్షకు వచ్చే బృందం, ఉద్యోగులు సైకిళ్ళ మీద వస్తున్నారా అని చూస్తుందట. నిజానికి మేడ వెనక ముప్ఫై సైకిళ్ళు పట్టే స్టాండు ఉంది. కట్టిన నాటి నుంచీ అందులో విరిగిన కుర్చీలు పెట్టారు. మేనేజరు శశికిరణ్ కుర్చీలు తీయించి, అద్దెకు కొత్త సైకిళ్ళు తెప్పించి వరసగా నిలబెట్టాడు. అవి తళతళ మెరుస్తున్నాయి. ఎవరూ తొక్కలేదని గుడ్డివాడికైనా తెలిసిపోతుంది. కొంచెం మట్టి అంటిన సైకిల్ ఒకటైనా ముందు ఉండాలి. అప్పుడు గుర్తొచ్చాను నేను.

ఆయన జంగయ్యను పిలిపించాడు. బృందం ఏ రోజు ఏ గంటకు వస్తుందో తెలియదు కాబట్టి, వచ్చి వెళ్ళేదాకా సైకిల్ స్టాండులోంచి కదలకూడదన్నాడు. తాళంచెవి కూడా ఇమ్మన్నాడు.

మరి నేనెట్ల రావాలె అని జంగయ్య అడగాలి. అడగలేదు. ఆరేళ్ళుగా గేటు బయట తడిసిన సైకిల్‌ని లోపలికి రమ్మంటున్నారని మురిసిపోయాడు. భుజం మీది తువ్వాలుతో నా ఒళ్ళంతా తుడిచాడు.

“తీస్కోండ్రి సార్, మంచిగ నీడకు ఉంటది,” అన్నాడు.

అతని మీద నాకు కోపం వచ్చింది ఆ ఒక్కసారే.

మరునాడు అతను తెల్లవారకముందే లేచి నడిచాడు. అరవైకి దగ్గరపడిన మోకాళ్ళు. తొమ్మిది నిమిషాలు ఆలస్యం. రెండో రోజు ఇంకా ముందు బయల్దేరాడు, అయినా నాలుగు నిమిషాలు. మూడో రోజు కుంటుతూ వచ్చాడు. ఎందుకు ఆలస్యమైందో మిషన్ అడగదు.

ఆ మూడో రోజే బృందం వచ్చింది. అందులో ఒకామె కొత్త సైకిళ్ళను దాటుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి, అరిగిన సీటు మీద చెయ్యి వేసి, ఇది ఎవరిదని అడిగింది.

“మాదే మేడమ్. మా స్టాఫ్ రోజూ దీని మీదే వస్తారు,” అన్నాడు శశికిరణ్.

ఆయన వెనకే టీ ట్రే పట్టుకుని జంగయ్య నిలబడి ఉన్నాడు. ఆమెకు కప్పు అందించాడు.

ఆ సాయంత్రమే కాంట్రాక్టరు మనిషి అతనికి మూడు ఆలస్యాలు చూపించి, రేపట్నుంచి రావద్దన్నాడు. హడావుడిలో నా తాళంచెవి సంగతి ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నే జంగయ్య నాకోసం వచ్చాడు. గేటు దగ్గర కొత్త గార్డు ఆపాడు. లోపలి వస్తువు బయటికి వెళ్ళాలంటే మేనేజరు సంతకం కావాలన్నాడు.

“అది నా బండి బిడ్డా,” అన్నాడు జంగయ్య.

“నంబరు చెప్పు,” అన్నాడు గార్డు.

గార్డు లోపలికి ఫోన్ చేశాడు. ఆ సైకిల్ సర్టిఫికెట్ ఫొటోలో ఉంది, ఇవ్వడం కుదరదని జవాబు వచ్చింది. అతను వెళ్ళిపోయాడు.

తర్వాత నాకు ఈ పచ్చరంగు కొట్టి, చక్రాల్లో గాలి తీసేసి, ముందర బుట్ట తగిలించి అందులో పూలమొక్క పెట్టారు. రిసెప్షన్ పక్కన నిలబెట్టారు. వచ్చేవాళ్ళు నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు, తర్వాత కార్లెక్కి పోతారు. మొక్కకు పోసిన నీళ్ళు కారి నా ఇరుసు తుప్పు పడుతోంది. నాకేం, ఇనుప ముక్కను. జంగయ్యకు ఇప్పుడు ఎక్కడైనా పని దొరికిందో లేదో, ఆ పనికి ఎలా వెళ్తున్నాడో ఈ మేడలో ఎవరికీ తెలియదు.

నా తల మీద అద్దాల బోర్డు ఒకటి వేలాడుతోంది: ‘మేం సైకిల్ మీద పనికి వస్తాం.’ ఈ మేడకు సైకిల్ మీద వచ్చింది ఒకే ఒక్కడు. వాణ్ణి నడిపించి, ఆలస్యంగా వచ్చాడని తీసేశారు.