స్టోర్స్ గదిలో పోర్టు

"తుడిచే ఆవిడ కేబుల్ కదిపిందని రాసెయ్. గొడవ వదిలిపోతుంది" అన్నాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిన చొక్కా అందుకుంటూ. చొక్కా ఇంకా వేడిగా ఉందని విసుక్కున్నాడు కూడా.

మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో పనిచేస్తాం. ఆయన స్టోర్స్ మేనేజరు, నేను నెట్‌వర్క్ చూస్తాను. కంప్యూటర్ కేబుల్ గుచ్చడానికి గోడల్లో ఉన్న ప్రతి పోర్టుకూ నేనే ఒక కాపలా పెట్టాను. ఎవరైనా సొంతంగా, ఒక పోర్టుని నాలుగు చేసే ఓ చిన్న స్విచ్ పెట్టె తెచ్చి తగిలిస్తే ఆ ఒక్క పోర్టు మూసుకుపోతుంది. ఆ కాపలా లేకపోతే, ఆ స్విచ్‌లో ఒక్క కేబుల్ తప్పుగా గుచ్చినా చాలు, వెళ్లిన సమాచారమే మళ్లీ మళ్లీ గిరగిరా తిరిగి ఆసుపత్రి అంతా స్తంభించిపోతుంది.

పోయిన నెల ఆయన తన ప్రింటర్ కోసం అలాంటి స్విచ్ తెచ్చుకున్నాడు. మూడుసార్లు తగిలించాడు, మూడుసార్లూ పోర్టు మూసుకుంది. ఇంకో పోర్టు వేయిస్తాను, రెండు రోజులు ఓపిక పట్టమన్నాను. "ఇంట్లో ఎలాగూ తప్పదు, ఇక్కడ కూడా నీ పెత్తనమేనా?" అన్నాడు, తన కింద పనిచేసే నలుగురి ముందు. వాళ్లు నవ్వారు. ఇంట్లో నా పెత్తనం ఏ మూల నడుస్తోందో నాకైతే తెలీదు, బహుశా గిన్నెలు తోమే చోటేమో. సాయంత్రం అత్తగారు ఫోన్ చేసి, మొగుడి గదికే తాళం వేసే ఉద్యోగం ఏం ఉద్యోగమని అడిగింది. తర్వాత నాలుగు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. అయిదో రోజు ఆ ఒక్క పోర్టుకి కాపలా తీసేశాను. ఆ పూట కాఫీ బాగుందన్నాడు. ఆ మాటకి నాకెంత హాయిగా అనిపించిందో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

నిన్న పొద్దున రెండు గంటలపాటు ల్యాబ్ రిపోర్టులు వార్డులకు చేరలేదు. నర్సులు కాగితాలు పట్టుకుని మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నారు. వెతుక్కుంటూ వెళితే కారణం ఆయన బల్ల కింద దొరికింది. ఒకే కేబుల్ రెండు కొసలూ ఆ చిన్న స్విచ్‌లోనే గుచ్చి ఉన్నాయి. ఊరికే వేలాడుతోందని తనే గుచ్చాడట. నేను ఊడదీసి లేచేసరికి తలుపు దగ్గర తుడిచే ఆవిడ నిలబడి ఉంది.

"నేనేం ముట్టుకోలేదమ్మా" అంది, ఎవరూ అడగకుండానే.

"కాంట్రాక్టు మనిషి, ఇంకోచోట చూసుకుంటుంది. నా ప్రమోషన్ పోతే మళ్లీ రాదు" అన్నాడు మా ఆయన ఇవాళ పొద్దున, ఆ వేడి చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ. నేను ఇస్త్రీ పెట్టె తీసి పక్కన పెట్టాను. నేను వాదించకపోతే ఒప్పుకున్నట్టేనని ఆయన లెక్క.

ఆఫీసుకి వెళ్లి ముందు ఆ పోర్టుకి కాపలా తిరిగి పెట్టాను. తర్వాత నిన్నటి గొడవ మీద నేనివ్వాల్సిన రిపోర్టు తెరిచాను. కేబుల్ గుచ్చింది స్టోర్స్ మేనేజరని రాశాను. కాపలా తీసేసింది నేనని రాశాను. ఇద్దరి ఉద్యోగాలకీ ఎసరు రావచ్చు. ఎందుకు తీశారు అన్న గడి దగ్గర చేయి ఆగిపోయింది. పన్నెండేళ్ల కాపురంలో నేను మానేసినవి ఎన్నో, ఒక్కదానికీ ఎందుకని అడిగినవాళ్లు లేరు. ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, 'భర్త అలిగినందువల్ల' అని రాసి పంపించేశాను.