డమ్మీకి ఒకే ప్రశ్న

మా బావ బ్రిడ్జి పేకాటలో చాంపియన్. అల్మరా నిండా ఆయన గెలిచిన కప్పులే; కాఫీ కప్పులకు చోటు లేక మా అక్క వాటిని కిటికీలో పెడుతుంది. యాభై రెండు ముక్కల్లో ఏది ఎవరు ఎప్పుడు వేశారో, ఏళ్ళ తర్వాత అడిగినా గడగడా అప్పజెప్పేవాడు. ఆయనకు జోడీగా ఎదుట కూర్చునే నాకు పొద్దున ఏం తిన్నానో గుర్తుండదు. బుర్ర ఆయన వాటా, నోరు నా వాటా.

ఆ బుర్రకే బీట పడింది. డాక్టరు నీళ్ళు నమలకుండా ఒక్క ముక్కలో చెప్పేశాడు: మతిమరుపు, ముదిరేదే గాని తగ్గేది కాదు.

"మతిలో మరుపైతేనేం బావా, చేతిలో తురుపుందిగా!" అన్నాను.

బావ నవ్వలేదు. "వాగకు. ఈసారి పోటీల ఫైనల్ ఆడతాను. ఒక్క ముక్క మర్చిపోయినా ఇక పేక ముట్టను. మర్చిపోయానని చెప్పాల్సింది నువ్వే."

"అన్నీ నాకే అంటగట్టు."

"నాకే తెలిస్తే అది మరుపెలా అవుతుందిరా?"

ఫైనల్లో చివరి పంపకం. ఇస్పేటు తురుపు. ఆడేది బావ, నేను డమ్మీని. అంటే నా ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి నోరు మూసుక్కూర్చోవాలి. నాలాంటి వాగుడుకాయకు అంతకు మించిన శిక్ష లేదు.

అవతలాయన ఆఠీన్ వేశాడు. బావ టక్కున చిన్న ఇస్పేటుతో కోసేశాడు.

ఆట మొదట్లో బావ పాడిన పాటను బట్టి చూస్తే ఆయన చేతిలో ఇంకో ఆఠీన్ ఉండి తీరాలి. ఆ రంగు చేతిలో ఉంచుకుని తురుపు కొట్టకూడదు. ఇలాంటప్పుడు మాత్రం డమ్మీ నోరు తెరిచి ఒక్క ప్రశ్న అడగొచ్చు.

"ఆఠీన్ లేదా బావా?"

బావ తన ముక్కల్ని చూశాడు. ఒక్కొక్కటే చూశాడు.

"లేదు."

కాసేపటికి అదే చేతిలోంచి ఆఠీన్ రాజు బయటికొచ్చాడు. రంగు ఉంచుకుని తురుపు కొట్టినందుకు రెఫరీ వచ్చి మేం గెలిచిన పట్లు రెండు తీసి అవతలివాళ్ళకిచ్చాడు. కప్పు పోయింది. మమ్మల్ని చూస్తేనే పళ్ళు నూరే ఆ జోడీ కనీసం నవ్వలేదు. దాంతో నాకు మరీ భయమేసింది.

"వీడు నాకెక్కణ్ణుంచి వచ్చాడ్రా?" అన్నాడు బావ, రాజుని పట్టుకుని.

"మొదట్నుంచీ నీ చేతిలోనే ఉన్నాడు బావా. మర్చిపోయావు."

చెప్పాల్సింది చెప్పేశాను. ఒక్క జోకూ రాలేదు.

వరండాలో, బావ కోటు జేబులోంచి తన పాత పేక తీసి నా అరచేతిలో పెట్టాడు. "మాటంటే మాట. మీ అక్కకివ్వు, దాచేస్తుంది." ఆ వేళ్ళు పేకను వదలడానికి చాలాసేపు పట్టింది.

మెట్లు సగం దిగామో లేదో జేబులు తడుముకున్నాడు.

"నా పేకేదిరా? ఫైనల్‌కి ఆలస్యమైపోతోంది."

ఇప్పుడు నేను డమ్మీని కాను. ఎన్ని మాటలైనా ఆడొచ్చు. పేక తీసి ఇచ్చాను.

బావ ఆ మెట్టు మీదే కూర్చుని నాలుగు చేతులకూ పంచడం మొదలుపెట్టాడు, చకచకా, ఒక్క ముక్క తేడా రాకుండా.