నాన్న ముక్కు, ఏడు పావురాలు

మా నాన్న ముప్పై ఏళ్ళుగా జనాల ఇళ్ళు మారుస్తున్నాడు. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తున్నామని కబురు పెడితే మా వ్యాను వెళ్తుంది, బీరువాలూ మంచాలూ ఎక్కించుకుని కొత్తింటికి చేరుస్తుంది. చేర్చడమైతే చేరుస్తుంది. ఎటునుంచి ఎటు తిరిగి, ఏ వేళకి చేరుస్తుందన్నది మాత్రం పైవాడికి కూడా తెలియదు. మా నాన్నకి అసలు తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆయనకి తెలియదు.

మా వంశంలో దారి అడగరు. తాత అడగలేదు. ముత్తాత ఎద్దుబండి మీద పెట్టెలు తోలిన రోజుల్లోనూ అడగలేదట. ఆ ముత్తాత పక్క ఊరికని బయల్దేరి నాలుగు నెలలకి తిరిగొచ్చాడని నాయనమ్మ చెప్పేది గానీ, ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. "అడిగేవాడు లోకువే అమ్మాయ్. పక్షి అడుగుతుందా? చేప అడుగుతుందా? మనకెందుకా ఖర్మ?" అంటాడు నాన్న. ముక్కు పైకెత్తి, ఒకసారి గాలి పీల్చి, "ఇటు" అంటాడు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ముక్కు ఎటు చూపిస్తే వ్యాను అటు.

ముక్కుకి తోడు కొన్ని గుర్తులున్నాయి. వీధుల పేర్లు ఆయనకి పట్టవు. ఫ్రిజ్ ఇరుక్కున్న మెట్లు, తలుపు ఊడదీస్తే గానీ సోఫా పట్టని ఇల్లు, చెదల బీరువా మేడ, ఇదీ ఆయన పటం. "మంచం కోడు విరిగిన సందులో కుడికి తిరగాలి" అంటాడు. ఆ కోడు విరిగి ఇరవై రెండేళ్ళయింది. ఆ సందులో ఇళ్ళన్నీ కూల్చేసి ఆసుపత్రి కట్టారు. మేమేమో రోగుల మధ్యలోంచి బీరువాతో వెళ్తుంటాం.

నాకు ముప్పై నాలుగేళ్ళు. లైసెన్సు వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ఆ స్టీరింగు మీద నేను చెయ్యి వేసింది దుమ్ము తుడవడానికే. వ్యాను తాళం ఎర్రతాడుకి కట్టి నాన్న మెడలో ఉంటుంది. స్నానానికి వెళ్ళినా తీయడు. నాకు ఆ తాళం కావాలి. నగలూ చీరలూ ఏనాడూ అడగలేదు, అదొక్కటే కావాలి. మధ్య సీట్లో కూర్చుని, గేరు రాడ్డు తగిలి తగిలి నా కుడి మోకాలు కాయ కాసింది.

లైసెన్సు వచ్చిన రోజున భోజనాల దగ్గర, అందరి ముందూ, నాన్న మాట ఇచ్చాడు. "నేను దారి తప్పానని నా నోటితో నేను ఎప్పుడు చెప్తానో, ఆ రోజు ఈ తాళం నీది." అమ్మ సాక్షి. ఆ రోజు నేనెంత సంబరపడ్డానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. దారి తప్పడమంటారా, వారానికి రెండుసార్లు. ఒప్పుకోవడం మాత్రం ఈ జన్మకి లేదు. ఒకసారి ముందు చక్రాలు నదిలో తడుస్తుంటే కూడా, "నీళ్ళు చూద్దువు గానీ అని తీసుకొచ్చానే" అన్నాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. టెలిఫోన్ ఆఫీసులో జీవితమంతా లైన్లు కలిపి రిటైరైన ఒక పెద్దావిడ, ఆ ఆఫీసు వీధిలోనే ఉన్న ఇల్లు మారాల్సి వచ్చింది. వీధిలో అందరూ ఆవిణ్ణి హలో మేడం అంటారు. ఏం మాట్లాడబోయినా ముందు "లైన్లో ఉండండి" అనడం ఆవిడ అలవాటు. ఒంటరి మనిషి. ఆవిడకి ఉన్నదల్లా ఏడు పావురాలు. పావురాల బోనుని నా ఒళ్ళో పెట్టి, "లైన్లో ఉండమ్మా. కొత్త చోట నెల రోజులు వీటిని గూట్లోనే ఉంచాలి. అప్పటిదాకా ఈ తలుపు తీయకూడదు. కుంటిది ఒకటుంది, దాన్ని కాస్త చూసుకో" అని అప్పగించింది. నాన్నకీ చెప్పింది. ఆయన అప్పుడు గాలి పీలుస్తున్నాడు.

"కొత్తిల్లు ఎక్కడంటే, రాసుకోండి" అంది ఆవిడ.

"రాసుకోవడం మా ఇంటా వంటా లేదు మేడం గారూ. ఏ పక్కో చెప్పండి చాలు" అన్నాడు నాన్న.

"ఐస్ ఫ్యాక్టరీ వెనక—"

"చాలు చాలు. మిగతాది నాకొదిలేయండి."

ఆవిడ గింజల డబ్బా చంకలో పెట్టుకుని ముందుగా బస్సులో వెళ్ళిపోయింది. మేము బయల్దేరాం. నాన్న స్టీరింగు దగ్గర, నేను మధ్యలో బోనుతో. వెనక సామాన్ల మధ్య సోఫా బావ. మా మేనమామ కొడుకు ఇతను. సామాను ఎక్కించడం, ఎవరి సోఫా అయితే ఆ సోఫా మీద పడుకోవడం, దించడం ఇతని ఉద్యోగం. భూకంపం వచ్చినా లేవడు.

పావుగంట దారి. రెండున్నర గంటలు పట్టింది. మొత్తానికి ఐస్ ఫ్యాక్టరీ అయితే దొరికింది గానీ, దాని వెనక ఒకటి కాదు, పాతిక సందులున్నాయి. ఒక సందులో టీ బండి కనపడితే నాన్న వ్యాను ఆపాడు. "ఇక్కడే ఎక్కడో ఉందే. ముక్కుకి తెలుస్తోంది" అంటూ దిగి, పక్కనే ఉన్న గేటుకి జారగిలబడి టీ తాగాడు.

నేను ఊరుకుంటానా. ఫోను తీసి హలో మేడంకి చేశాను. మోగింది. మా వ్యానులోనే మోగింది. వెనక గిన్నెల పెట్టెలో, ఏడుస్తూ ఏడుస్తూ మోగింది. జీవితమంతా ఫోన్లతో బతికిన మనిషి, సొంత ఫోనుని గరిటెల మధ్య సర్దేసింది. ఎవరిని అనాలి. సోఫా బావ మాత్రం ఆ మోతకి అటు తిరిగి పడుకున్నాడు.

ఆ ఫోను వెతికే హడావుడిలో నేను వెనక్కి వెళ్ళడమే తప్పయింది. తిరిగొచ్చేసరికి బోను తలుపు తెరిచి ఉంది. ఏడు పావురాలూ ఆకాశంలో ఉన్నాయి.

"ఏం చేశావు నాన్నా?"

"అవి దారి చూపిస్తాయే. పావురం ఇల్లు మర్చిపోదు, తెలుసా?"

"వాటి ఇల్లు ఎక్కడ?"

"ఇల్లంటే ఏంటే? మంచం ఎక్కడుంటే అదే ఇల్లు. ముప్పై ఏళ్ళుగా మోస్తున్నా, నాకు తెలీదా? ఈ మంచం ఎక్కడికి వెళ్ళాలో అవీ అక్కడికే వెళ్తాయి. ఎక్కు ఎక్కు."

"అంటే దారి అడుగుతున్నావన్నమాట."

"పక్షిని అడిగితే అడిగినట్టు కాదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ తిడుతూ నిలబడితే పావురాలు పోతాయి. ఎక్కాను. ఆ ప్రయాణం పగవాళ్ళకి కూడా వద్దు. నాన్న తల కిటికీలోంచి బయట, చూపు ఆకాశంలో. రోడ్డు చూడాల్సింది నేను. "లారీ" అంటాను. "ఎడమకి తిరిగాయి" అంటాడు. "గోడ" అంటాను. "కుంటిది వెనకబడింది పాపం" అంటాడు. పావురాలు తిన్నగా పోతున్నాయి. రోడ్డుకి ఆ బుద్ధి లేదు. ఒక కూడలి చుట్టూ గానుగెద్దుల్లా నాలుగుసార్లు తిరిగాం. నాలుగోసారికి అక్కడి పోలీసాయన మమ్మల్ని చూసి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

చివరికి పావురాలు ఒక మేడ కప్పు మీద వాలాయి. మేము వెనక సందులోంచి ఆ ఇంటి ముందుకొచ్చి ఆగాం.

"చూశావా" అన్నాడు నాన్న, ఎర్రతాడు సవరించుకుంటూ. "దించండి."

సోఫా బావ కళ్ళు పూర్తిగా తెరవకుండానే బీరువా ఒక కొస పట్టుకున్నాడు. ఇంకో కొస నాన్న. బీరువా గుమ్మంలోంచి ఎక్కడా తగలకుండా లోపలికి పోయింది. "ఈ బీరువాకి కొలతపెట్టి కట్టినట్టుంది ఈ గుమ్మం" అని నాన్న మురిసిపోయాడు. నేను రెండో మెట్టు మీదున్న గీత చూస్తున్నాను. కొత్త గీత. పొద్దున నేనే, అదే బీరువా దించుతూ గీసిన గీత.

లోపలి గదిలోంచి రంగులేసేవాడు బ్రష్షుతో వచ్చాడు. మమ్మల్నీ బీరువానీ మార్చి మార్చి చూశాడు.

"పొద్దున తీసుకెళ్ళారు కదండీ. మళ్ళీ తెచ్చారేం?"

నాన్న తడి గోడని వేలితో ముట్టుకుని చూశాడు. "ఏమైనా మర్చిపోయామేమోనని చూడ్డానికి వచ్చాం" అన్నాడు.

"బీరువా తీసుకునా?"

నాన్న బీరువా తలుపు తీసి లోపల ఏదో వెతికాడు. నాకు ఇక సిగ్గూ లేదు, వంశమూ లేదు. అడిగేశాను. "అన్నా, హలో మేడం వెళ్ళిన కొత్తిల్లు ఎక్కడో నీకు తెలుసా?"

"తెలియకేం, దానికి రంగేసింది కూడా నేనే. ఐస్ ఫ్యాక్టరీ వెనక రెండో సందు, టీ బండి పక్కనే నీలం గేటు. నిన్న సాయంత్రమే రెండో పూత వేశాను, ఇంకా ఆరి ఉండదు." అని ఆగి, నాన్న వీపు వంక వంగి చూశాడు. "ఇదిగో, ఇదే నీలం."

నాన్న చొక్కా వెనక, భుజం నుంచి నడుము దాకా, గేటు ఊచలు ఊచలుగా అచ్చుపడి ఉన్నాయి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాను గానీ, ఇంటిని వీపు మీద వేసుకుని వెతికినవాణ్ణి చూడ్డం అదే మొదలు.

"ఇప్పుడైనా ఒప్పుకో నాన్నా" అన్నాను, బీరువా మళ్ళీ ఎక్కిస్తుంటే.

"ఏం ఒప్పుకోవాలే? బయల్దేరిన చోటికే కరెక్టుగా తిరిగొచ్చాను. దారి తప్పినవాడు తిరిగి రాగలడా?"

మాట్లాడితే బూతులే వచ్చేలా ఉన్నాయి. పావురాలని పిలిచి చూశాను. కప్పు మీదనుంచి ఒక్కటి కూడా కదల్లేదు. రంగులేసేవాడు చెప్పిన మలుపులు నేను ఒక్కొక్కటే చదివినట్టు చెప్తూ, నాన్న చేత వ్యానుని ఆ నీలం గేటు దగ్గరికి తోలించాను.

సాయంత్రమైంది. హలో మేడం మెట్ల మీద కూర్చుని ఉంది, గింజల డబ్బా ఒళ్ళో పెట్టుకుని. మేము టీ బండి దగ్గర ఆగినప్పుడు వెనక పెరట్లో గూడు కడుగుతోందట, అప్పటినుంచీ అక్కడే కూర్చుందట. బీరువా వంక చూడలేదు, మంచం వంక చూడలేదు. నా చేతిలో బోను వంక చూసింది. తలుపు తెరిచి చూసింది. మళ్ళీ మూసి, మళ్ళీ తెరిచి చూసింది, ఈసారి ఉంటాయేమోనన్నట్టు.

"లైన్లో ఉండండి" అంది చిన్నగా. డబ్బా మూత తీసి, ఆ ఖాళీ బోనులోకే నాలుగు గింజలు వేసింది. "కుంటిది కూడానా? అది ఎంతో దూరం పోలేదమ్మా. కొత్త చోటు, దారి తెలియదు వాటికి. తప్పిపోయి ఏ చెట్టు మీదో... పైన గద్దలు తిరుగుతుంటాయి." కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

నేను చెప్పాల్సింది. క్షేమంగానే ఉన్నాయని నాకూ తెలుసు. కానీ బోనులో రాలిన ఈకలు ఏరుతూ నిలబడ్డాను. సోఫా బావ బల్లని తెచ్చి తన కాలి మీదే దించుకుని, అరవడానికి మొహమాటపడి అలాగే నిలబడ్డాడు. నాన్న నా వంక చూశాడు. బోను వంక చూశాడు. వెళ్ళి ఆవిడ కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"అవి దారి తప్పలేదమ్మా" అన్నాడు. "తిన్నగా మీ పాతింటికే పోయాయి. ఏడూ కప్పు మీద ఉన్నాయి, కుంటిదీ ఉంది, నా కళ్ళతో చూశాను. బోను తీసింది నేను. దారి తప్పింది కూడా నేనే."

తొమ్మిదేళ్ళు. ఆ మాట వింటే గంతులేస్తాననుకున్నాను. వీధంతా చాటుతాననుకున్నాను. తీరా వింటే బోను కింద పెట్టి, వెళ్ళి నాన్న పక్కన నిలబడ్డాను. నాన్న ఎర్రతాడు తలమీదుగా తీయబోతే చెవికి తగులుకుంది. నేనే విడిపించాల్సి వచ్చింది. తాళం నా చేతిలో పెట్టేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు, నేనూ చూడలేదు. తాడు లేని ఆ మెడ చూస్తే నాన్న మీద జాలేసింది. అయినా తాళం తిరిగి ఇవ్వలేదు లెండి.

సామాన్లన్నీ వీధిలోనే దించి, కాపలాకని బావని సోఫా మీద కూర్చోబెట్టాం. కూర్చున్నవాడు మేము బయల్దేరేలోపే పడుకున్నాడు. స్టీరింగు దగ్గర నేను. కిటికీ పక్కన హలో మేడం డబ్బాతో. మధ్యలో నాన్న, ఒళ్ళో ఖాళీ బోను.

కాసేపటికి, "ఈ రాడ్డు ఇలా మోకాలికి తగుల్తుందని ఎప్పుడూ చెప్పలేదేమే" అన్నాడు.

పావురాల సంగతి ముందే చెప్పేస్తాను, మీరు కంగారుపడొద్దు. పాతింటి కింద ఆవిడ డబ్బా గలగలమనిపించగానే ఏడూ దిగొచ్చాయి, కుంటిది అందరికంటే ముందు. నేను చెప్పాలనుకున్నది మాత్రం దారిలో కూడలి దగ్గర జరిగింది.

ఆ కూడలిలో నాలుగు రోడ్లు. వచ్చేటప్పుడు కుడికి తిరిగింది వెళ్ళేటప్పుడు ఎటు తిరగాలో నాకు తోచలేదు. బస్సులో తప్ప తిరగని హలో మేడంకీ తెలియదు. నిజం చెప్తున్నాను, నాకు తెలియకుండానే నా ముక్కు పైకి లేచింది. నాన్న చూశాడు. హలో మేడంకి అడ్డంగా వంగి, కిటికీ అద్దం దించి, సూట్‌కేసుతో నిలబడ్డ ఒకాయన్ని పిలిచాడు.

"బాబూ," అన్నాడు మా నాన్న, మా వంశపు మగాళ్ళలో మొదటిసారి, "పాత టెలిఫోన్ ఆఫీసు వీధికి ఎటు వెళ్ళాలో చెప్తావా?"

"నాకూ తెలియదండీ, ఈ ఊరికి కొత్త" అన్నాడాయన. "రైల్వే స్టేషనుకి ఎటు వెళ్ళాలో నేనే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నాను."

నాన్న ముక్కు పైకెత్తాడు. ఒకసారి గాలి పీల్చాడు. "ఇటు" అని చెయ్యి చాచి చూపించాడు.

ఆయన దండం పెట్టి, సూట్‌కేసు ఎత్తుకుని గబగబా అటే నడిచాడు. ఆపుదామంటే వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి, బండి కదిలించక తప్పలేదు.

"నాన్నా, అటు వెళ్తే నది కదా" అన్నాను.

"ఏం, నీళ్ళు చూడకూడదా?" అన్నాడు నాన్న.