లైల్ జేబులోని నారింజ టోపీ

లైల్ కంగాస్ నా చెల్లెలు రీటా మొగుడు. ఒక నవంబరు పొద్దున వాడి ప్రాణం నా చూపుడువేలి మీద నిలబడింది. ఆ సంగతి నాకూ తెలుసు, వాడికీ తెలుసు. తెలిసి కూడా నా నేల రాయించుకున్నాడు. పైగా ఇప్పటికీ ఆదివారం భోజనాల దగ్గర “బావా, కొంచెం కాఫీ పొయ్యి” అంటాడు. పోస్తాను. చెల్లెలి మొహం చూసి పోస్తాను.

నవంబరు పదిహేనున దుప్పుల వేట మొదలవుతుంది. సుపీరియర్ సరస్సు ఒడ్డున, మా వైపు ఆ రోజు బడులకు కూడా సెలవే. ముందురోజు మధ్యాహ్నానికే ముగ్గురం క్యాంపు చేరాం. నేను, లైల్, మా మేనమామ ఆర్వీ. ఆర్వీ మామకు ఎనభై ఒకటి, మోకాళ్లు రెండూ పోయాయి, కళ్లు మాత్రం గద్దవే. క్యాంపంటే దుంగల గది, ఒక ఇనప పొయ్యి, గోడ నిండా మేకులకు వేలాడే గుడ్డముక్కలు. దుప్పిని గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి పేరూ తేదీ రాసి మేకుకు కొట్టడం మా తాత నాటి నుంచీ ఉన్న ఆచారం. అక్కడ లైల్‌వి నాలుగున్నాయి. నాది ఒక్కటీ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా లేదు.

బయల్దేరేటప్పుడు రీటా నన్ను కారు పక్కకు లాగింది.

“అన్నయ్యా, ఆయనకి ఎట్లాగైనా ఆ నారింజ కోటు తొడిగించు. నా మాట వినడు. పోయినేడు అవతలి చెరువు దగ్గర ఏమైందో నీకు తెలుసుగా.”

తెలుసు. అక్కడ గోధుమరంగు కోటు వేసుకున్న మనిషిని సొంత తమ్ముడే దుప్పి అనుకుని తుపాకితో కొట్టాడు.

వేట రోజుల్లో ఒంటి మీద నారింజ రంగు ఉండాలని చట్టం. లైల్ మాత్రం చెట్టు బెరడూ ఎండుటాకులూ అచ్చేసిన బట్టలు నెత్తి నుంచి మడమ దాకా తొడిగేవాడు. ఒక నారింజ టోపీ మడిచి జేబులో పెట్టుకునేవాడు, వేట చట్టం చూసే వార్డెను కనబడితే తీసి పెట్టుకోవడానికి.

“ఏంటి బావా, గుమ్మడికాయలా తయారయ్యావ్! రాత్రికి లోపల దీపం పెట్టి గుమ్మంలో కూర్చోబెట్టమంటావా?” అన్నాడు నా కోటు చూసి.

“గుమ్మడికాయని ఎవడూ కాల్చడు లైల్. నిన్ను చూస్తే చచ్చు మోడులా ఉన్నావ్, కుక్క కూడా కాలెత్తుతుంది.”

“ముసలి దుప్పి రంగు కనిపెడుతుంది బావా. ఆ పది కొనల కొమ్ములవాడు అందుకే ఇన్నేళ్లు బతికాడు.”

“దుప్పి చూసేది రంగు కాదురా,” అన్నాడు మామ, మాంసం కూరిన పేస్టీ ముక్క నోట్లో పెట్టుకుని. “కదలిక చూస్తుంది. నీలాంటివాడు నిమిషానికోసారి ముక్కు చీదితే గుడ్డి దుప్పి కూడా పారిపోతుంది.”

పది కొనల దుప్పి అనేసరికి నా గుండె గుర్రంలా ఎగిరింది. దాన్ని సెప్టెంబరు నుంచి చూస్తున్నాను. నా దక్షిణపు నేలలోనే తిరుగుతోంది. నా తొడంత లావు చెట్లకు కొమ్ములు రాసి బెరడు ఊడ్చేసింది. బురదలో దాని డెక్క గుర్తులో నాలుగు వేళ్లు పట్టాయి. అది ఏ వేళకు ఏ దారిన వస్తుందో నాకు నా ఇంటి గడియారమంత బాగా తెలుసు. ఆ ధీమాతోనే నోరు జారాను.

“పందెం కడతావా? రేపు పొద్దుగూకేలోగా నా దుప్పివి పెద్ద కొమ్ములైతే, నువ్వు బతికున్నన్నాళ్లూ నారింజ రంగులోనే అడవికి రావాలి.”

“నాది పెద్దదైతే?”

“నీకేం కావాలో నువ్వే అడుగు.”

వాడు కాఫీ కప్పు కింద పెట్టాడు. “నీ దక్షిణపు నేల.”

తొమ్మిదో తరగతిలో బడి మానేసి, పద్నాలుగేళ్లు కాగితం మిల్లుకు కలప కొట్టి కొన్న నేల అది. మామ తల అడ్డంగా ఊపాడు. “డేల్, వద్దురా.” రీటా మొహం గుర్తొచ్చింది. ఆ పది కొనలూ గుర్తొచ్చాయి. ఏది ముందు గుర్తొచ్చిందో ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పలేను. సరే అన్నాను. సిమెంటు సంచీ కాగితం మీద రాసుకున్నాం, మామ సాక్షి సంతకం పెట్టాడు. ఎవరెక్కడ కూర్చోవాలో కూడా గీసుకున్నాం. లైల్ ఉత్తరాన వాగు దగ్గర, మామ క్యాంపు వెనక మెరక మీద, నేను దక్షిణాన దేవదారు చిత్తడి అంచున. మధ్యాహ్నం దాకా ఎవరి చోటు వాళ్లు వదలకూడదు.

పొద్దున తెల్లవారే వేళకు జేనెడు మంచు పడి ఉంది. సుపీరియర్ సరస్సు మీంచి గాలి. మోడుకు ఆనుకుని కూర్చున్నాను, నాన్న తుపాకి మోకాళ్ల మీద. నరనరమూ మోగుతోంది. ఈ వయసులోనూ మొదటిరోజు వేట పొద్దున నాకు పదేళ్ల పిల్లాడి ఒళ్లు వస్తుంది. దూరంగా ఎవరిదో తుపాకి పేలింది, ఇంకోటి, తర్వాత కొండ అంతటా. మొదలైంది!

ఏడుంపావుకు కొమ్మ విరిగిన చప్పుడు. ఎదురుగా, డెబ్భై అడుగుల దూరంలో, దేవదారుల గుబురులో. ఊపిరి బిగబట్టాను. మళ్లీ చప్పుడు. బరువైన చప్పుడు. అదే, వాడే, పది కొనలవాడే! బూడిదా గోధుమా కలిసిన వీపు ఒకటి కొమ్మల సందున కదిలింది. తుపాకి భుజానికి వచ్చింది, ఎప్పుడు వచ్చిందో తెలీదు. సేఫ్టీ తీశాను. అప్పుడు కనబడింది, తెల్లగా తళుక్కుమని. తోక ఎత్తింది, అడుగు తెలుపు కనబడేలా! బెదిరింది, ఇక దూకుతుంది, ఇప్పుడు కొట్టకపోతే పోతుంది. వేలు ట్రిగ్గరు మీద బిగిసింది.

తెలుపు కిందకు దిగి, మళ్లీ పైకి లేచింది. తోక అలా లేవదు.

దాని వెనక ఎర్రటి ముక్కు.

లైల్! ముక్కు తుడుచుకుంటున్నాడు. వేటలో ఎర్ర రుమాలు తప్ప వాడకూడదని మా అమ్మ అందరికీ కుట్టి ఇచ్చేది, వాడు తెల్లది తీశాడు. వాగు దగ్గర ఉండాల్సినవాడు నా దుప్పి అడుగులు పట్టుకుని నా గురిలోకి వచ్చి నిలబడ్డాడు.

వేలు వెనక్కి రానంత దూరం వెళ్లిపోయింది. గొట్టాన్ని ఆకాశానికి విసిరాను. తుపాకి పేలింది. పైన్ చెట్టు తల మీది మంచు మొత్తం నా మీద కూలింది.

ఆ మోతకు అసలు దుప్పి లేచింది. నా వెనకే, ఇరవై అడుగుల్లో పడుకుని ఉందట! పది కొనలూ కిరీటంలా ఎత్తి, ముక్కులోంచి పొగలు వదులుతూ, నా భుజం పక్కనుంచే ఉరికింది. దాని వాసన కూడా తగిలింది. అంత దగ్గర. ఇంకో తూటా ఎక్కించబోతే మంచులో పడిపోయింది. దుప్పి తిన్నగా లైల్ వైపు పోయింది. వాడు ఒక్కటే కొట్టాడు.

నేను పరుగున వెళ్లేసరికి వాడు దుప్పి పక్కన నిలబడి ఉన్నాడు. మొహం సున్నంలా ఉంది. నెత్తి మీద నారింజ టోపీ ఉంది. మడత గీత ఇంకా పోలేదు.

మామ కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. “ఎవడిదిరా?”

“నాదే మామా. మొదటి గుండు బావది. పైన్ చెట్టుకి బాగా తగిలింది, ఇంటికి మోసుకెళ్దామా?”

“వీడు వాగు దగ్గర లేడు. టోపీ లేదు వీడికి,” అన్నాను.

“ఇదిగో, నెత్తి మీద ఉంది కదా! కళ్లజోడు మార్చు బావా. దుప్పి ఇటు వస్తుంటే నేనూ ఇటు వచ్చాను, అంతే.”

వాడు చోటు కదిలాడు, పందెం చెల్లదు అని అరిచి ఉండొచ్చు. అరిస్తే, మరి చెట్టునెందుకు కొట్టావని మామ అడుగుతాడు. మనిషికి గురిపెట్టానని ఎలా చెప్పను? మొత్తం జంతువు కనబడకుండా వేలు పెట్టకూడదని నాకు ఆరేళ్లప్పుడు నేర్పినవాడే ఆయన. చెప్పాక నాతో ఎవడు అడవికి వస్తాడు? రీటా నా మొహం ఎలా చూస్తుంది? మింగేశాను. లైల్ నా కళ్లలోకి చూడలేదు. తెల్ల రుమాలు పిడికిట్లో నలుపుతున్నాడు.

మామ ఆ టోపీ మడతను కాసేపు చూశాడు. క్యాంపుకు వెళ్లాక గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర తీశాడు.

“తప్పాక తప్పినట్టే. తిరుగు డేల్.”

చొక్కా అంచు కత్తిరిస్తుంటే నడుముకు చల్లగా తగిలింది. లైల్ ఈల వేయబోయి మానేశాడు. కాగితం మీద సంతకం ఉంది, నా మాట ఉంది. డిసెంబరులో కౌంటీ ఆఫీసుకు పోయి రాసిచ్చేశాను.

మరుసటేడు నవంబరు పద్నాలుగున మా ఇంటి ముందు లైల్ కారు దిగాడు. నారింజ కోటు, నారింజ ప్యాంటు, నారింజ టోపీ, చేతికి నారింజ తొడుగులు. మెడకు ఎర్ర రుమాలు.

“పందెం గెలిచింది నువ్వు కదా. ఇదేం వేషం?” అన్నాను.

“చలి బావా,” అన్నాడు నేలకేసి చూస్తూ. “ఈ కోటు వెచ్చగా ఉంది.”

అప్పుడు ఖాయమైంది. ఆ పొద్దున తుపాకి గొట్టం వాడివైపు తిరగడం వాడు చూశాడు. చూసి కూడా సంతకం పెట్టించుకున్నాడు. సాగనంపడానికి వచ్చిన రీటా మాత్రం నా చెయ్యి పట్టుకుని, “నువ్వే మార్చావన్నయ్యా” అంది, కళ్లనిండా నీళ్లతో. అవునన్నాను.

దక్షిణపు నేల మొత్తం ఇరవై ఎకరాలు: దేవదారు చిత్తడి ఎనిమిది, మేపుల్ అడవి పదకొండు, నేను కొన్న ఏడాదే మా నాన్న తన చేతుల్తో కట్టిన ఆవిరి స్నానాల గది ఉన్న ఎకరం ఒకటి.