మంట తెలియని చేతులు

మా ఊళ్లో మిరపకాయలకు ముచ్చికలు తీసే ఆడవాళ్లందరూ సాయంత్రం ఇంటికి రాగానే చేతులు మజ్జిగలో ముంచుకుంటారు. మా అమ్మ దేవకుమారి మాత్రం సబ్బుతో కడుక్కుని అన్నానికి కూర్చునేది. అన్నిటికంటే ఘాటైన తేజ రకం ఏ కల్లంలో ఉన్నా అమ్మకే కబురు వచ్చేది.

"దేవకుమారికి మంటేంది? అయి ఇనప చేతులు" అనేది పక్కింటి వెంకటేశ్వరమ్మత్త. అమ్మ నవ్వేది. ఇంట్లో అందరికీ అది గొప్పగానే ఉండేది. నాకు కూడా.

పొయ్యి మీది గిన్నెను అమ్మ ఉత్త చేతులతోనే దించేది. నేను ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు ఆమె వేళ్ల మీద బొబ్బలు చూశాను. నేను చూపించేదాకా ఆమెకే తెలియదు. నాన్న తిడతాడు, ఎవరికీ చెప్పొద్దంది. చెప్పలేదు. అసలే నేను ఎక్కువగా మాట్లాడను.

దగ్గినప్పుడల్లా అమ్మకు మెడ వెనకనుంచి తల పగిలిపోయేంత నొప్పి వచ్చేది. కల్లంలో దగ్గనివాళ్లు ఎవరు? మిరప ఘాటే అన్నారందరూ. ఊళ్లో ఆర్‌ఎంపీ కూడా అదే మాట అని, ప్రతి ఏడూ దగ్గుమందు ఇచ్చాడు.

మొన్న మాఘమాసంలో అమ్మ చేతిలోంచి బిందె జారిపోయింది. మర్నాడు గ్లాసు. వారం తిరక్కుండా నడకలో కాలు ఈడ్వడం మొదలైంది. అప్పుడు నాన్న గుంటూరు తీసుకెళ్లి స్కానింగు చేయించాడు. కాగితాలు నింపడానికి నేనూ వెళ్లాను.

మెదడు అడుగుభాగం పుట్టుకతోనే కిందికి జారి మెడలో ఇరుక్కుందన్నారు డాక్టరుగారు. దాంతో వెన్నుపాములో నీరు చేరి, వేడీ నొప్పీ తెలిపే నరాలను నలిపేసిందట.

"చేతులకి ఎన్నాళ్లుగా మంట తెలీట్లేదమ్మా?"

అమ్మ నా వైపు చూసింది. నాన్న నేల చూశాడు.

"ఆరేళ్లుగా అండి" అన్నాను.

అప్పుడే తెచ్చుంటే చేతులు చాలావరకు దక్కేవట. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే జబ్బు ముదరకుండా ఆగుతుంది, పోయిన స్పర్శ రాకపోవచ్చు. ఆలస్యం చేస్తే కాళ్లూ పోతాయి.

"ఒక్క నెల ఆగితే రెండో కోత అయిపోద్దండీ" అన్నాడు నాన్న. కాయ కల్లంలోనే ఉందని అమ్మ కూడా గొణిగింది.

"వద్దు నాన్నా. ఇవాళే చేర్పిద్దాం."

పరాయివాళ్ల ముందు నేను గొంతెత్తడం నాన్న ఎప్పుడూ చూడలేదు. చేర్పించే కాగితం మీద సంతకం పెట్టాడు.

ఆపరేషన్ అయింది. అమ్మ నడుస్తోంది. చేతులకు స్పర్శ రాలేదు. ఎవరు చూడటానికి వచ్చినా నాన్న నన్ను చూపించి, "ఇది అప్పుడే నోరు విప్పుంటే ఇంతదాకా వచ్చేదా?" అంటాడు. వాళ్లు నా వంక చూసి తలలూపుతారు.

ఆ ఆరేళ్లూ ఆయనా ఈ ఇంట్లోనే ఉన్నాడు. ఆ మాట అనడానికి మాత్రం నాకు ఇంకా నోరు రాలేదు.