గోడ వారగా

పై మెట్టు దగ్గర మొదలుపెట్టి నీలమ్మ అప్పటికే సగం దిగింది. ఎడమచేతి పక్కన ఆముదం పోసిన చిన్న మట్టి గురిగి, కుడిచేతిలో పాత చీరపీలిక. లేచి నిలబడకుండా, కూర్చున్నట్టే ఒక్కో మెట్టూ కిందికి జరుగుతూ తుడుస్తోంది. మామూలుగానైతే గుడ్డకు నూనె అంటీ అంటనట్టు అద్ది, కట్టె మీద పలచగా రాసి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేస్తుంది. పాత దొరసాని నేర్పిన పద్ధతి అది. ఇవాళ మాత్రం ప్రతి మెట్టు మీదా గురిగి వంచింది. టేకు నూనె తాగి నిగనిగలాడుతుంటే ఆమెకు కడుపు నిండినట్టయింది. హఫీజ్‌పేట స్టేషన్‌లో పొద్దుటి ప్యాసింజరు కూతపెట్టేసరికి కింది మెట్టు కూడా అయిపోయింది.

అంత నూనె ఎందుకంటే, నిన్న సాయంత్రం వంటింటి గడప దగ్గర బియ్యం ఏరుతూ ఆమె కొన్ని మాటలు వింది.

ఇల్లు కొన్న భీమేశ్వరరావు ఏలూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఇంజనీరు. భూముల సీలింగు చట్టం వస్తోందన్న భయంతో ఆ ఇంటి పాత దొర కొడుకులు వచ్చినకాడికి అమ్ముకుని బస్తీకి వెళ్లిపోయారు. కుర్చీలు, గడియారం, గోడల మీది జింక కొమ్ములు పట్టుకెళ్లారు. మెట్లను, నీలమ్మను వదిలేసి వెళ్లారు. భీమేశ్వరరావు మంచివాడే. కానీ ఫైళ్లు నాన్చే అలవాటు ఇంటిదాకా వచ్చింది. మెట్లకు పాలిష్ పెట్టించాలా, రంగు వేయించాలా అన్న సంగతి సంక్రాంతి నుంచి వేసవి దాకా ఆయన బల్లమీదే ఉంది. ఆయనకు టేకు కనపడాలని కోరిక. భార్య పుణ్యవతికి శుభ్రంగా ఆకుపచ్చ రంగు వేయించి, తడిగుడ్డ పెట్టి తుడుచుకుంటే చాలు.

"రేపు వీరేశం వచ్చి ఒక మెట్టు మీద పాలిష్ చేసి చూపిస్తాడు. బాగుంటే పాలిషే. రోజూ చూసుకోడానికి నీలమ్మ ఉందిగా" అన్నాడాయన.

"పెయింటయితే ఆవిడతో పనేముందండీ? మెట్ల కింద ఆ గూడు ఖాళీ అయితే మీ స్కూటరు వానలో తడవకుండా ఉంటుంది" అంది పుణ్యవతి. ఆ మాట కోపంతో అనలేదు. బీరువా ఎక్కడ పెడదామా అన్నట్టు అంది.

ఆ గూడే నీలమ్మ ఇల్లు. మనిషి నిలబడేంత ఎత్తు లేదు. ఒక చాప, ఒక రేకుపెట్టె, మూలన గురిగి. దొరసాని కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివారు పందిరిమంచం, ఇత్తడి బిందెలు, వాటితోపాటు నార్సింగి నుంచి పదేళ్ల పిల్ల నీలమ్మను ఇచ్చి పంపారు. అట్లా వచ్చిన ఆడపిల్లను ఆడబాప అనేవారు. ఆమెకు పెళ్లి చేయాలని ఎవరికీ తోచలేదు. సామానుకు పెళ్లేమిటి?

మెట్ల నడుమ పనివాళ్లు కాలు పెట్టకూడదని ఆ ఇంటి కట్టడి. నడిమి భాగం దొరలది. పనివాళ్లు గోడ వారగా, అంచుమీద ఎక్కి దిగాలి. మిగతా పనివాళ్లు వచ్చారు, పోయారు. నీలమ్మ పగలు ఆ మెట్లు తుడిచింది, దొర పిలిచిన రాత్రులు ఆ అంచుమీదే పైకి ఎక్కింది. అట్లా ఎక్కీ దిగీ గోడపక్కన ప్రతి మెట్టూ ఒక పాదమంత మేర అరిగి గుంట పడింది. పుణ్యవతి వచ్చిన కొత్తలో "పడతావు నీలమ్మా, మధ్యలోంచి నడువు" అంది. నీలమ్మ సరేనని తలూపి గోడవారగానే ఎక్కింది. చీకట్లో కూడా ఆ గుంటలు ఆమె పాదాన్ని పట్టుకునేవి. లోకంలో ఆమెదంటూ ఉన్నవి అవే. ఆ మెట్లమీద ఆమెకు ఎన్నడూ కోపం రాలేదు. ఎవరి మీద కోపం రావాలో ఎవరూ ఆమెకు నేర్పలేదు.

వీరేశం శేరిలింగంపల్లి నుంచి సైకిల్ మీద వచ్చాడు. పాలిషూ, పెయింటూ రెండూ చేస్తాడు. కింది మెట్టు దగ్గర కూర్చుని లక్క సీసా మూత తీస్తూ చేత్తో కట్టెను తడిమాడు. వేళ్లు చూసుకున్నాడు. మళ్లీ తడిమాడు.

"అవ్వా, దీనికి నూనె ఎవరు రాసిన్రు?"

"నేనే బిడ్డా. నువ్వొస్తవని పొద్దుగాల్నే రాసిన. సార్ చూస్తడు, జర మెరవాలె గద" అంది నీలమ్మ ముఖం విప్పార్చుకుని.

వీరేశం లక్క సీసా పక్కన పెట్టాడు. స్పిరిటుతో తుడిచాడు. గరుకు కాగితంతో రుద్దాడు. కాగితం జిడ్డుతో మూసుకుపోయింది. దూదిమూట లక్కలో ముంచి కట్టె మీద తిప్పాడు. చేమాకు మీద నీళ్లలాగా లక్క ఎక్కడికక్కడ బొట్లు కట్టి నిలబడింది. మరోసారి తిప్పాడు. అదే వరస. నీలమ్మ గోడకు ఆనుకుని, ఆ బొట్లు ఎందుకు కలవడం లేదో తెలియక చూస్తూ ఉంది.

ఆఫీసుకు బయల్దేరుతున్న భీమేశ్వరరావు ఆగాడు. "ఏమైందయ్యా?"

"కట్టె బాగ నూనె తాగింది సార్. లక్క పట్టది."

"మరెట్లా?"

"కాస్టిక్ సోడా పెట్టి కడగాలె. కడిగితే కట్టె నల్లబడతది, ఇగ పాలిష్‌కు పనికిరాదు. పెయింటే గతి."

భీమేశ్వరరావు కాస్త బాధపడ్డాడు. అంతకంటే ఎక్కువగా, తాను తేల్చాల్సింది దానంతటదే తేలిపోయినందుకు తేలికపడ్డాడు. "సరే, పెయింటే కానీ. గుంటలన్నీ కూడా పూడ్చెయ్" అని స్కూటరు ఎక్కాడు.

నీలమ్మకు అప్పుడు అర్థమైంది. మెట్లు నిలబెడదామని పోసిన నూనే మెట్లను చెరిపింది. ఏడుపు రాలేదు. "సోడాతోని నేనే కడుగుత, బకెట్ ఇటియ్యి" అంది.

"చేతులు కాలుతయవ్వా."

"కాలనీ."

పైనుంచి కిందికి, ఎప్పటిలాగానే కూర్చుని జరుగుతూ కడిగింది. నురగతోపాటు ఏళ్ల నూనె నల్లగా కారి వాకిట్లోకి పోయింది. వేళ్ల సందులు ఎర్రగా పొక్కాయి. పక్కన బకెట్లు మారుస్తూ వీరేశం మెల్లగా అడిగాడు.

"నీకెవరన్న ఉన్నరా అవ్వా?"

"నార్సింగిల తమ్ముడుండె. సచ్చిపోయిండు. పిల్లల్లేరు. ఇల్లు గూడ కూలిపోయిందట."

వేసవి వేడికి మెట్లు మధ్యాహ్నానికే ఆరాయి. నల్లగా, బోసిగా ఉన్నాయి. వీరేశం గోడవైపు గుంటల్లో లప్పం నింపి సాపు చేస్తున్నాడు. పుణ్యవతి ఒక పాత చీర, పచ్చడి జాడీ పట్టుకుని వచ్చింది. ఆమె మాటల్లో ఇబ్బంది ఉంది.

"నీలమ్మా, పెయింటు డబ్బాలు పెట్టుకోడానికి ఆ గూడు కావాలి. తర్వాత స్కూటరు... నీకు మీవాళ్లెవరైనా ఉన్నారు కదూ?"

నీలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ఉన్నారని వింటే చాలన్నట్టు ఉంది ఆ ముఖం. ఇంటి ఆడవాళ్లు ఏది వినాలనుకుంటే అది చెప్పడమే ఆమెకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. లేదనడం ఆమెకు రాదు.

"ఉన్నరమ్మా. నార్సింగిల తమ్ముడున్నడు."

వీరేశం చేతిలో లప్పం బద్ద ఆగింది. తలెత్తి నీలమ్మ వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

"హమ్మయ్య. ఎప్పుడైనా వస్తూ ఉండు" అంది పుణ్యవతి. ఆ అనడంలో మోసమేమీ లేదు. ఆమెకు నిజంగానే మనసు కుదుటపడింది.

నీలమ్మ రేకుపెట్టె తలకెత్తుకుంది. మెట్ల దగ్గర ఆగి గోడవైపు అంచుమీద పాదం పెట్టబోయి, పచ్చి లప్పం చూసి వెనక్కి తీసుకుంది. ఎదురుగా వీధితలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె ఎప్పటిలాగా పెరటి వైపు నడిచింది. వీరేశం వెనకే వచ్చాడు.

"యాడికి పోతవవ్వా?"

"నీ పని నువ్వు చూస్కో బిడ్డా. లప్పం ఎండిపోతది."

అతను పెరటి గుమ్మంలో కాసేపు నిలబడ్డాడు. ఆమె నార్సింగి దారి పట్టలేదు. రైలుపట్టాల వైపు, కంచె వారగా వంగి నడుచుకుంటూ పోయింది. తాను పిలిచి ఏం చెప్పాలి? తన ఇంట్లో ఉన్నది ఒక్క గదే. లోపలికి వచ్చి మళ్లీ లప్పం అందుకున్నాడు.

మర్నాడు రంగు డబ్బాలు సర్దుతుంటే మెట్ల కింద మూలన గురిగి దొరికింది. అడుగున ఇంకా కాస్త ఆముదం ఉంది. అది వాకిట్లో పారబోసి, కిరోసిన్ పోసి, బ్రష్షులు అందులో నానవేశాడు. పని అయిపోయి అతను వెళ్లిపోయిన తర్వాత కూడా గురిగి ఆ గూట్లోనే ఉండిపోయింది, నూనె తాగి నల్లబడిన దాని అంచు చుట్టూ ఆకుపచ్చ రంగు కారి ఎండిపోయి.